కండువా కొస కదలని చోట

"నేనెక్కినానంటే ఎక్కినా. నమ్మితే నమ్ము, లేకుంటే ఇడిసిపెట్టు."

"నీ అబద్ధాలు ఇనేకి నాకు తీరిక లేదు. పోయి మగ్గంలో కూసో, పో."

మొదటిది మా ఇంటాయన మాట. రెండోది నాది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య మాటలు లేవు. "పెద్దమ్మా, ఇంతకంటే మంచి మాటతో మొదలుపెడదాం" అంటోంది మా చెల్లెలి కూతురు. నేను చెబుతుంటే రాస్తున్నది ఆ పిల్లే. హిందూపురంలో టీచరు. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతకు మించి రాదు. మంచి మాటతో మొదలుపెట్టాలంటే ముందు ఆ మాట అని ఉండాలి కదా. అనలేదు. ఉన్నదే రాయమన్నాను.

ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. ఆయన గుంట మగ్గం మీద నేసేవాడు. నేను పేక దారాన్ని కండెలకు చుట్టేదాన్ని. పడుగు అయిపోతే కొత్త పడుగు పోగులను పాత పోగులకు ఒక్కొక్కటే అతికేదాన్ని. ఆ పొద్దున ఆయన టీ తాగిన గ్లాసు గూట్లో పెట్టి, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. మగ్గం చప్పుడు మొదలైంది. కొంతసేపటికి ఆగింది. పోగు తెగినట్టుంది, అతుక్కుంటున్నాడు అనుకుని నేను కండె చుట్టుకుంటూనే ఉన్నాను. ఎంతసేపటికీ చప్పుడు రాకపోతే లోపలికి పోయి చూశాను. పేక పోగు తోసే నాడె చేతిలోనే ఉంది. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు.

మగ్గం మీద మిగిలిపోయిన మూరెడు చీరను మా వీధిలోని ఇంకొకాయన వచ్చి నేసి దించాడు. మాట మాత్రం అట్లాగే నిలిచిపోయింది. చనిపోయిన మనిషి చివరగా నాకు చెప్పింది నిజమా, అబద్ధమా? ఏడుపు కొన్నాళ్ళకు తగ్గింది. ఇది తగ్గలేదు. అన్నం వండుతుంటే గుర్తుకొచ్చేది, కండె చుట్టుతుంటే గుర్తుకొచ్చేది. నిజమైతే నేను అన్న మాట తప్పు. అబద్ధమైతే నేను అన్నది సరే. రెండింటిలో ఏదో ఒకటి తెలిస్తే చాలనిపించేది.

ఆయన అబద్ధాలకోరని వీధంతా అనుకునేది. ఎవరినో ముంచే అబద్ధాలు కావు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఆగి, "ఏమప్పా, ఈ పొద్దు ఏం చూసొచ్చినావు?" అని అడిగి చెప్పించుకునే అబద్ధాలు. బుక్కపట్నం చెరువులో దూడంత చేపను చూశానన్నాడు ఒకసారి. ముదిగుబ్బలో పొట్టేలు బస్సెక్కి కిటికీ పక్క సీటులో కూర్చుంటే కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టాడన్నాడు ఇంకోసారి. నాకు ఏదైనా వింటే అంతు చూడందే నిద్ర పట్టదు. బుక్కపట్నంలో పెళ్ళికి పోయినప్పుడు పనిగట్టుకుని చేపలు పట్టేవాళ్ళను అడిగాను. "దూడంతది యాడుంటాదమ్మా! మూరెడు చేప మాత్రం ఆ పొద్దు పడింది" అన్నారు. పొట్టేలు సంగతీ విచారించాను. బస్సు ఎక్కించిన మాట నిజమే, సీటు కింద కట్టేశారంట. అంటే ఆయన ఏమీ చూడకుండా చెప్పేవాడు కాదు. చూసినదానికి చివర కొంచెం జరీ వేసేవాడు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా, బెలూన్ ఎక్కినానన్న మాట దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాను.

చనిపోవడానికి ముందు రోజు ఆయన చీర ఇచ్చి రావడానికి హిందూపురం పోయాడు. బాగా పొద్దు గూకినాక తిరిగి వచ్చాడు. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాడు.

"నీళ్ళు ఇయ్యి, చెప్తా. ఈ పొద్దు నేను ఆకాశంలో మోడాల కాడికి, ఆ మబ్బుల్లోకి పోయొచ్చినా."

"బస్సు టాపు మీద కూచున్యావా?"

"నవ్వు, నవ్వు. వస్తావస్తా పెనుకొండ కాడ కిటికీలోంచి చూస్తే, కొండ కింద బయల్లో బట్టతో కుట్టిన బుడగ పండుకోనుండాది. మన వీధి పొడుగుంటాది. బస్సు ఆపించి దిగేసినా. దానికింద ఒక గంప కట్టింటారు, మనుషులు నిలబడే గంప. బుడగ మూతి కింద మంట పెడితే అంతా కలిసి పైకి లేస్తాది."

"బట్ట కింద మంట పెడితే కాలిపోతాది గాని లేస్తాదా?"

"మూతి కాడ బట్ట వేరే ఉండాది మే. చేత్తో పట్టుకొని చూసినా. నేసేవోణ్ణి, నాకు తెలీదా?"

"సరే, చూసినావు. ఎక్కించుకున్యారా నిన్ను?"

"బరువు చాల్లేదంట. ఏమప్పా, నువ్వు రా అన్యారు. ఎక్కినా."

నాకు నవ్వు ఆగలేదు. ఆయన మనిషి ఎండు కట్టెపుల్ల. చొక్కా వేసుకుంటే కొంకికి తగిలించినట్టు ఉండేది. "బరువుకు నిన్నెక్కించుకున్యారా? ఇంగ నయం, నిన్ను ఎగరకుండా ఒక రాయి కట్టమను" అన్నాను.

ఆయన నవ్వలేదు. సంగటి ముద్ద గిన్నెలోనే పెట్టి చెప్పసాగాడు. పైన గాలే లేదన్నాడు. భుజం మీది కండువా కొస కూడా కదల్లేదన్నాడు. కింద చేనులో ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని విన్నట్టు వినపడిందన్నాడు. పై మంటకు నెత్తి మాడిపోయిందన్నాడు. అన్నీ అయ్యాక, గొంతు తగ్గించి, "నువ్వు గూడా కనపడినావు. మన మిద్దె మీద, ఎర్ర చీర కట్టుకోని నిలబడుకోనుంటివి" అన్నాడు.

దొరికిపోయాడు. నాకు మోకాలు నొప్పి పట్టుకుని నాలుగు రోజులైంది. మిద్దె మెట్లు ఎక్కితే కదా మీద నిలబడేది. ఆ మాట అన్నాను. ఆయన తల వంచుకుని సంగటి తిన్నాడు. మళ్ళీ పొద్దున లేచి, "నేనెక్కింది నిజం" అని అందుకుంటే నేను ఆ మాట అన్నాను. మొదట రాయించాను కదా, అదే.

ఆయన సంవత్సరీకం కూడా అయిపోయాక, ఒకరోజు మా పిల్ల, ఈ రాస్తున్నదే, హిందూపురం నుంచి ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, పెనుకొండకు మళ్ళీ బెలూన్ వచ్చిందంట. పెద్దనాయన చెప్పిందే. పోయి చూసొస్తామా?"

"చూసేది కాదు. ఎక్కేది."



"నీకు మోకాలు నొప్పి కదా?"

"ఎక్కేది గంప కదా, కొండ కాదు కదా. నువ్వూ రావల్ల. నాకు కన్నడం మాట్లాడేదొస్తాది గాని హిందీ రాదు, ఆడ ఎవరుంటారో ఏమో."

టిక్కెట్లు ఆ పిల్లే ఫోన్లో తీసింది. ఎంతయిందని అడిగితే చెప్పలేదు. ఇప్పుడు అడిగినా చెప్పడం లేదు, తల వంచుకుని రాస్తోంది.

రైలుకు బయల్దేరుతుంటే ఎదురింటామె చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడింది. నోరు మంచిది కాదు, మనసు మంచిది.

"ఏమక్కా, యాడికి పోతాండావు?"

"హిందూపురానికి. రేపు తెల్లారి పెనుకొండలో బెలూన్ ఎక్కల్ల."

"మొగుడు పైకి పోయినాడని ఎతకను పోతాండావా?"

"ఆయప్ప చెప్పింది నిజమో అబద్ధమో తేల్చుకొనొస్తా. నువ్వు గేటు చూసుకో."

"అబద్ధమని తేలితే ఏం చేస్తావు? తిట్టేకి మనిషి లేడు."

 సంచి చంకకు తగిలించుకుని పోయాను.

ఆ సంచిలో ఏమున్నాయో చెప్పాలి. ఒక రగ్గు, రెండు చపాతీలు, పట్టు పోగుల చిన్న చుట్ట, అగ్గిపెట్టె. అగ్గిపెట్టె దేనికని మా పిల్ల ముందే అడిగి ఉంటే తర్వాత జరిగిన రాద్ధాంతం జరిగేది కాదు.

మరుసటి రోజు తెల్లవారుతుండగా పెనుకొండలో దిగాం. కొండ కింద బయల్లో గడ్డి మంచుకు తడిసి ఉంది. బెలూన్ ఇంకా నేల మీదనే పరిచి ఉంది. మా వీధి పొడవుంటుందని ఆయన అన్నది ఎక్కువే, కానీ మరీ అంత ఎక్కువ కూడా కాదు. సగం వీధి ఉంటుంది. ఎరుపూ పసుపూ పట్టీలు పట్టీలుగా కలిపి కుట్టారు. మనుషులు దాని చుట్టూ తాళ్ళు సర్దుతున్నారు. ఎవరూ చూడకముందే నేను ఒక అంచు దగ్గర కూర్చుని బట్ట చేతిలోకి తీసుకున్నాను.

బట్టే. అంతవరకూ ఆయన నిజమే చెప్పాడు. వేళ్ళ మధ్య నలిపాను. నూలు కాదు. పట్టంత మెత్తదనం లేదు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తే సన్నసన్న గళ్ళు. పడుగులో ఇన్ని పోగులకొకటి, పేకలో ఇన్ని పోగులకొకటి లావు పోగు వేసి నేశారు. ఎందుకు వేశారో నాకు చూడగానే తెలిసింది. ఎక్కడైనా చిరిగితే ఆ చిరుగు లావు పోగు దగ్గర ఆగిపోవాలని. ఎవరో తెలిసినవాళ్ళే నేశారు. ఆయన కూడా ఇట్లాగే కూర్చుని, ఇట్లాగే నలిపి, ఆ గళ్ళు చూసి ఉంటాడు. ఇంటికి వచ్చి నాకు చెప్పాలనుకుని ఉంటాడు. నేను నవ్వుతుంటే ఇంక అంత దూరం రాలేకపోయాడు.

మరి ఏం బట్ట? మా పనిలో దీనికి ఒకటే పద్ధతి. కొనేవాళ్ళు ఇది పట్టు కాదేమో అని సందేహపడితే, చీర కొస నుంచి ఒక పోగు తీసి అంటిస్తాం. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అవుతుంది. మిల్లు దారమైతే కరిగి ముద్ద కడుతుంది. పుట్టి బుద్ధి తెలిసినప్పటి నుంచి చేస్తున్న పని. చెయ్యి దానంతట అదే చేసింది. కుట్టు దగ్గర తేలిన ఒక పోగును గోటితో లాగాను, అగ్గిపెట్టె తీశాను, పుల్ల గీయబోయాను.

"అజ్జీ! అజ్జీ! ముట్టబేడి!"

తాళ్ళు వదిలేసి ఒకాయన నా మీదికి పరిగెత్తుకొచ్చాడు. అవ్వా, ముట్టుకోవద్దు అంటున్నాడు. వచ్చి అగ్గిపెట్టె లాక్కున్నాడు. బెలూన్ నడిపేది ఆయనేనంట. కన్నడం మనిషి, తెలుగు కొంచెం వచ్చు. నా వెనక మూడడుగుల దూరంలో గ్యాసు సిలిండర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నేను చూడలేదు.

మా పిల్ల రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. "పెద్దమ్మా! ఎక్కకముందే అందర్నీ పైకి పంపించేసేదానివి!"

నేను హిందూపురం పక్క పుట్టినదాన్ని, కన్నడంలోనే చెప్పుకున్నాను. మేం నేసేవాళ్ళం, పోగు కాల్చి చూసేది మా అలవాటు, దీన్ని కాల్చాలని కాదు, ఏం బట్టో తెలుసుకోవాలని. ఆయన నన్ను చూశాడు, అగ్గిపెట్టెను చూశాడు. ఆ తర్వాత నవ్వాడు. పెట్టెలోంచి అతుకులు వేసే బట్ట ముక్క ఒకటి, అరచేయంత, తీసి ఇచ్చాడు. "ఊరికి పోయి కాల్చుకో అజ్జీ, ఈడొద్దు. ఇది నైలాను. మూతి దగ్గర మాత్రం వేరే బట్ట, నిప్పు అంటుకోదు" అన్నాడు.

మూతి దగ్గర బట్ట వేరే. అదీ నిజమే.

అంతలో ఫ్యాను పెట్టి గాలి కొట్టారు. బట్ట ఆవలించినట్టు నోరు తెరిచింది. మంట వదిలారు. వంద స్టవ్వులు ఒకేసారి అంటించినట్టు చప్పుడు. పండుకున్నది లేచి కూర్చుంది, కూర్చున్నది నిలబడింది. గంప నేల మీద ఊగసాగింది. అప్పుడు ఆ నడిపే ఆయన, చూడటానికి వచ్చిన జనం వైపు తిరిగి చెయ్యి ఊపాడు.

"రండప్పా, రండి! గంప పట్టుకోండి! బరువు చాలదు, బరువేయండి!"

పది మంది ఉరికొచ్చి గంప అంచు మీద చేతులు వేసి, ఒళ్ళంతా వాల్చి నిలబడ్డారు. వాళ్ళలో ఒక సన్నపాటి ముసలాయన కూడా ఉన్నాడు, భుజాన కండువా. బెలూన్ సరిగ్గా నిలబడ్డాక, "చాలు, వదలండి" అన్నారు. అందరూ వెనక్కి జరిగారు. ముసలాయన కండువాతో మొహం తుడుచుకుని, "నెత్తి మాడిపాయ గదప్పా" అనుకుంటూ టీ అంగడి వైపు పోయాడు.

 ఇదా సంగతి! బరువు చాలదని పిలిచారు, పోయి పట్టుకున్నాడు, నెత్తి కాలింది, బట్ట చూశాడు, వచ్చేశాడు. ఎక్కలేదు. కింద నిలబడి పట్టుకున్నదానికి ఎక్కినానని జరీ వేశాడు. మూరెడు చేపను దూడ చేసినట్టే. ఎదురింటామె చెప్పిన మాట గుర్తొచ్చింది. అబద్ధమని తేలితే తిట్టడానికి మనిషి లేడు.

"పెద్దమ్మా, ఏమాయ? భయమైతాందా? ఒద్దులే, పోదాం" అంది మా పిల్ల. నిజానికి మొహం తెల్లబోయింది ఆ పిల్లది. రాయనంటోంది. రాయి, ఇది కూడా రాయి.

"లేదు. ఇంగా రెండున్నాయి" అన్నాను.

పైన గాలి లేదన్నది, కింది మాటలు వినపడినాయన్నది. ఆ రెండూ నేల మీద నిలబడేవాడికి తెలిసేవి కావు.

గంపకు తలుపు ఉండదు. పక్కన కాలు పెట్టుకోవడానికి బొక్కలు ఉంటాయి. నేను చీర గోచీ పెట్టుకున్నాను. ఒకరు కింద నుంచి ఎత్తారు, ఒకరు పై నుంచి లాగారు, బియ్యం మూట వేసినట్టు లోపల వేశారు. మా పిల్ల వచ్చి నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇంకో నలుగురు ఎవరో ఊరు కాని ఊరు వాళ్ళు. పెద్ద మంట వదిలారు. నేను గట్టిగా కుదుపు వస్తుందని అంచు పట్టుకున్నాను. రాలేదు. చూస్తే టీ అంగడి చిన్నదైపోయింది. నేసిన చీర కర్రకు చుట్టుకుంటూ పోయినట్టు, చేన్లన్నీ నిదానంగా కిందికి పోతున్నాయి.

నేల మీద ఉన్నప్పుడు గాలి తోలుతూనే ఉంది. నా కొంగు టపటప కొట్టుకునేది. కొండ నడుము దాకా పోయేటప్పటికి, గదిలోకి పోయి తలుపు వేసుకున్నట్టు గాలి ఆగిపోయింది. కొంగు ముడుచుకుని ఒంటికి అంటుకుని ఉంది. నేను సంచిలోంచి పట్టు పోగుల చుట్ట తీసి, ఒక్క పోగు తెంపి, గంప బయటికి చెయ్యి చాపి పట్టుకున్నాను.

పట్టు పోగు సంగతి నాకు బాగా తెలుసు. పడుగు అతికేటప్పుడు కిటికీలు మూసుకుంటాం, ఫ్యాన్ ఆపేస్తాం, పక్కన ఎవరైనా గట్టిగా ఊపిరి వదిలితే తిడతాం. అంత మాత్రానికే పోగులు లేచి చిక్కు పడతాయి. అట్లాంటి పోగు, అంత ఎత్తున, ఆరుబయట, మేం ఒక చేను మీది నుంచి ఇంకో చేను మీదికి పోతూ ఉంటే, కిందికి నిట్టనిలువుగా వేలాడింది. కొసన గుండు కట్టినట్టు. కొంచెం కూడా కదల్లేదు.

"ఇదేమి, గాలే లేదే?" అని నడిపే ఆయన్ను అడిగాను.

"గాలి ఉంది అజ్జీ. మనం గాలితోపాటే పోతున్నాం. అందుకే తెలీదు."

కండువా కొస కదల్లేదన్నాడు ఆయన.

నేను ఆలోచించాను. ఎక్కనివాడు అబద్ధం చెప్పాలంటే ఏం చెబుతాడు? పైన ఒకటే గాలి అంటాడు. కండువా ఎగిరిపోయింది, పట్టుకుంటే నేనూ ఎగిరిపోయేవాణ్ణి అంటాడు. మా ఆయన అయితే ఆ కండువా కదిరిలో దొరికిందని కూడా చెప్పేవాడు. నేనైనా అట్లాగే అనుకున్నాను కాబట్టే రగ్గు తెచ్చుకున్నాను. గాలి లేదని చెప్పాలంటే ఎక్కి చూసి ఉండాలి. ఇంకో దోవ లేదు.

"పాపా, కళ్ళు తెరువు. పోగు చూడు" అన్నాను.

ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. "చూసినా. ఏముంది దాంట్లో?"

"మీ పెద్దనాయన ఉండాడు దాంట్లో."

మంట ఆపినప్పుడు అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో కింద కుక్క మొరిగింది. ఒక గొర్రెల మంద చెదిరి పరిగెత్తింది. దాని వెనక కట్టె పట్టుకున్న ఆమె, ఇంకో ఆమెతో మామూలుగా అంటున్న మాట నాకు గంపలో వినపడింది. అరవడం లేదు, మామూలు మాట.

"అందులో ఒక ముసిల్ది గూడా ఉండాదే."

"దానికేం పని పాట లేదా, పొద్దున్నే?"

నేను అంచు మీదికి వంగి, "లేకనే వస్తి!" అని కేకేశాను.

ఆ ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. పెద్దామె తేరుకుని, "యాడికి పోతాండావమ్మా?" అని అరిచింది.

"తెలీదు! గాలి యాడ దింపితే ఆడ!"

"మా చేన్లో మాత్రం దిగొద్దు, చెనిక్కాయ ఏసిండాం!"

గంపలో అందరూ నవ్వారు. మా పిల్ల కూడా నవ్వి, నవ్వుతూ రెండు కళ్ళూ తెరిచింది. తెరిచినాక మళ్ళీ మూసుకోలేదు.

అంతా చూశాను. పెనుకొండ కొండ మీద పాత కోట గోడలు, ఎవరో సుద్దముక్కతో గీసి సగం తుడిపేసినట్టు. కొండ మీద గుంటల్లో నీళ్ళు. ఈ పక్క కార్ల ఫ్యాక్టరీ తెల్ల కప్పులు, రైలు పట్టాలు, మల్బరీ తోటలు పచ్చగా, మిగిలిందంతా ఎర్ర నేల. మా నీడ, బెలూన్ నీడ, కింద చేన్ల మీద మాతోపాటే వస్తోంది. అది ఒక కంచె దాటి, ఒక బావి దాటి, ఒక ఇంటి మీదికెక్కి దిగింది. ఇన్నేళ్ళు ధర్మవరం నుంచి హిందూపురానికి రైల్లో ఇదే నేల మీద పోయాను. పైనుంచి ఇట్లా ఉంటుందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

అప్పుడు నాకు తెలియకుండానే నేను అడిగాను: "ధర్మవరం యా దిక్కు?"

నడిపే ఆయన చెయ్యి చూపించాడు. ఆ దిక్కున గుట్టలు. గుట్టల వెనక ఇంకా గుట్టలు. వాటి వెనక మంచు పొగ. నేను కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను.

"ఏం ఎతుకుతాండావు పెద్దమ్మా?"

"ఇల్లు."

"ఇంత దూరానికి ఇల్లు యాడ కనపడుతుంది?"

"కనపడదు."

"మరి?"

"చూస్తాండా."

 నాకు అప్పుడు తెలిసింది. అంత పైకి పోతే మనిషి కోటను చూస్తాడు, ఫ్యాక్టరీని చూస్తాడు, అవన్నీ అయ్యాక తన ఇల్లు ఏ దిక్కో వెతుకుతాడు. కనపడదని తెలిసినా వెతుకుతాడు. ఆయన కూడా ఇట్లాగే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గుట్టలే కనపడ్డాయి. ఇంటికి వచ్చి, "నిన్ను వెతికినా" అని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. అట్లాంటి మాటలు మా ఇంట్లో ఎప్పుడూ లేవు. అందుకని, "కనపడినావు" అన్నాడు. ఎర్ర చీర కూడా కట్టించాడు. అదొక్కటే అబద్ధం. దాన్ని పట్టుకుని నేను మిగిలిందంతా అబద్ధం చేశాను.

ఏడవలేదు. ఏడుస్తానేమోనని మా పిల్ల చూసింది. ఏడవడానికి తీరిక ఎక్కడుంది, "దిగుతున్నాం, మోకాళ్ళు వంచి తాళ్ళు పట్టుకోండి" అన్నారు. వంగని మోకాళ్ళు వంచాను. గంప ఒకసారి నేలకు తగిలి లేచింది, రెండోసారి తగిలి ఈడ్చుకుంటూ పోయి పక్కకు ఒరిగింది. మా పిల్ల నా మీద పడింది, నేను ఎవరి మీదనో పడ్డాను. దున్ని వదిలిన బీడు. చెనిక్కాయ కాదు, ఆ గొర్రెలామె అదృష్టం. నా నోట్లో ఎర్ర మన్ను. ఉమ్మేసి చూస్తే చేతిలో పట్టు పోగు అట్లాగే ఉంది.

నడిపే ఆయన నన్ను లేపి నిలబెట్టాడు. ఒక మాట అడగాలనిపించింది. "పోయినసారి ఈడికి వచ్చినప్పుడు, సన్నగా, కండువా వేసుకున్న ఆయన్ను ఎక్కించుకున్నారా?"

"పోయినసారి వచ్చింది మేం కాదు అజ్జీ. వేరేవాళ్ళు. ఏమో, ఎక్కించుకునే ఉంటారు."

మా పిల్ల నొచ్చుకుంది. నాకు ఏమీ అనిపించలేదు. నాకు ఆ మనిషి చెప్పాల్సిన అవసరం లేదు.

సాయంత్రానికి ధర్మవరం చేరుకున్నాను. ముందు చేసిన పని, ఆ బట్ట ముక్క వాకిట్లో పెట్టి ఒక పోగు లాగి అంటించడం. వెంట్రుకల వాసన రాలేదు. కరిగి, ఆవగింజంత నల్ల ముద్ద కట్టింది. ఎదురింటామె వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమక్కా, తేలిందా?"

"తేలింది. ఎక్కినాడు."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే కనుక్కుంటి."

ఆమె నా మొహం చూసింది. నమ్మిందో లేదో తెలియదు. "సరేలే. పైనుంచి ఏమేం కనపడినాయి?" అంది.

కోట గురించి చెప్పాను, నీళ్ళ గుంటల గురించి చెప్పాను, గొర్రెలామె మాటలు చెప్పాను. ఆమె నోరు తెరుచుకుని వింటోంది. ఇంకా ఏం, ఇంకా ఏం అంటోంది. మా ఆయనకు అరుగు మీద ఎట్లా ఉండేదో నాకు మొదటిసారి తెలిసింది.

"మన వీధి గూడా కనపడింది" అన్నాను. "నువ్వు వాకిట్లో చీపురు పట్టుకోని నిలబడుకోనుంటివి. పచ్చ చీర."

"నేనా? ఈ పొద్దు నేను ఊడవనే లేదు గదక్కా! జరమొచ్చి మధ్యాహ్నం దాకా పండుకోనుంటి."

"కనపడినావు" అన్నాను. "నమ్మితే నమ్ము, లేకుంటే ఇడిసిపెట్టు."

అంతే పాపా. అయిపోయింది. పెన్ను పక్కన పెట్టి, కాసిని నీళ్ళు తాగి, మొదటి నుంచి చదువు. నాకు వినపడేటట్టు, తొందరపడకుండా చదువు. నేను చెప్పనిది ఏదైనా నువ్వు కలిపి ఉంటే నాకు తెలిసిపోతుంది. బాగుంటే మాత్రం ఉండనీ. ఊఁ, చదువు.